“ప్రకృతిలో కెమికల్స్ ఉండవు” అన్న సందేశానికి ఖండన

కొన్నాళ్లుగా ఒక సందేశం తెలుగువారి ఫోన్లలో తిరుగుతోంది. పసుపు కొమ్ములు, వేపరెమ్మ, ఉసిరికాయలు పేర్చిన బొమ్మ కింద అందులో ఉన్న మాటల సారాంశం ఇది: ప్రకృతి ఇచ్చిన వస్తువుల్లో కెమికల్స్ ఉండవు, నోరు తిరగని పేరున్న పదార్థమేదీ ఒంటికి పడదు, ప్రకృతిలోని పదార్థాలు సరళంగా ఉంటాయి, వాటిని మెలికలు తిప్పి గందరగోళం చేసేది కర్మాగారమే, పేరు ఒకటే అయినా కర్మాగారంలో తయారైన విటమిన్ వేరు, కాయలోని విటమిన్ వేరు, ఆ తేడా శరీరానికి తెలుసు, చెట్టు నుంచి వచ్చింది ఎవరికీ హాని చేయదు, మందులన్నీ మొక్కల నుంచి తీసినవే కనుక ఆకు నమిలేవారికి మాత్రతో పనిలేదు. చదువుకున్నవారు, ఉపాధ్యాయులు సైతం దీనిని నమ్మి పదిమందికీ పంపుతున్నారు. సహజ పదార్థాల రసాయన శాస్త్రాన్ని ఏళ్ల తరబడి చదివి, బోధించిన నాకు ఇది రెండు విధాల బాధ కలిగిస్తోంది. చివరి రెండు మాటలూ నమ్మి ఆరోగ్యం పాడుచేసుకునేవారు ఉన్నారన్నది మొదటి బాధ. ప్రకృతిని కీర్తిస్తున్నట్టు కనిపించే ఈ సందేశం ప్రకృతి చేసే పనిని ఎంతో తక్కువ చేసి చూపుతోందన్నది రెండోది.

ఈ సందేశం వెనుక ఉన్న భయం ఉత్తుత్తిది కాదని ముందుగానే ఒప్పుకుంటాను. పసుపు పొడి నిగనిగలాడాలని సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపేవారు ఉన్నారు. నిషేధించిన కాల్షియం కార్బైడ్‌తో మామిడికాయలు మాగబెట్టేవారు ఉన్నారు. వారి మీద కోపం రావడం న్యాయమే. కానీ ఆ కోపాన్ని “కెమికల్” అన్న మాట మీదికి మళ్లిస్తే, ఏ పదార్థాన్ని, ఎంత మోతాదులో, ఎవరు కలిపారన్న అసలు ప్రశ్న మరుగున పడిపోతుంది.

ఇక ఒక్కొక్క మాటే చూద్దాం. ప్రకృతిలో కెమికల్స్ ఉండవన్న మాటకు జవాబు మన ఇంటి గుమ్మంలోనే దొరుకుతుంది. కొత్త దంపతులకు, పురిటి బిడ్డతో ఇంటికి వచ్చిన బాలింతకు దిష్టి తీయడానికి పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు వేసి, వేలికొసతో కాస్త సున్నం తీసి అందులో కలుపుతారు. వేలు తిరిగిన మేరకు పచ్చని నీటిలో ఎర్రని చారలు పుట్టి, చూస్తుండగానే పళ్లెమంతా ఎర్రనీళ్లవుతుంది. కుంకుమ వేయకుండానే ఈ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది? పసుపు కొమ్ములో నూటికి రెండు నుంచి ఐదు పాళ్ల వరకు ఉండే కర్కుమిన్ అనే పదార్థమే ఆ రంగుకు మూలం. కర్కుమిన్ అణువుకు రెండు చివరలా ఆరేసి కార్బన్ల వలయాలు ఒక్కొక్కటి ఉంటాయి; వాటిని కలుపుతూ మధ్యలో ఏడు కార్బన్ల గొలుసు ఉంటుంది. సున్నం క్షారం కాబట్టి ఆ అణువు నుంచి హైడ్రోజన్ అయాన్‌ను లాగేసుకుంటుంది; అప్పుడు అణువు పొడవునా ఎలక్ట్రాన్ల సర్దుబాటు మారిపోయి, అది పీల్చుకునే కాంతి మారి, మన కంటికి పసుపు బదులు ఎరుపు కనిపిస్తుంది. అదే పళ్లెంలో నిమ్మచెక్క పిండితే ఎరుపు విరిగి మళ్లీ పసుపు తేలుతుంది. పేరంటానికి వచ్చిన ముత్తైదువ చేతుల మీదుగా జరిగిన ఈ పని ఆమ్ల క్షార చర్య తప్ప వేరొకటి కాదు. ఫ్రాన్సులో వోగెల్, పెల్తియే అనే ఇద్దరు 1815లో పసుపు నుంచి ఈ పదార్థాన్ని వేరుచేయగా, దాని నిర్మాణం తేలడానికి 1910 దాకా పట్టింది. కెమికల్ లేని పసుపు కావాలంటే రంగు, వాసన, రుచి, చివరికి తడి కూడా లేని పసుపును వెతుక్కోవాలి. అటువంటిది లేదు.

నోరు తిరగని పేర్ల సంగతి ఇక్కడే తేల్చేయవచ్చు. ఆ కర్కుమిన్‌కే రసాయన శాస్త్రజ్ఞులు నిర్మాణాన్ని బట్టి పెట్టిన పేరు 1,7-బిస్(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)హెప్టా-1,6-డయీన్-3,5-డయోన్. ఇది భయపెట్టడానికి పెట్టిన పేరు కాదు, చిరునామా వంటిది. ఎన్నో కార్బన్ మీద ఏముందో చదివినవారికి అణువు బొమ్మ గీయగలిగేటట్టు కూర్చిన పేరు. పేరు పొడుగును బట్టి విషమో కాదో తేల్చేటట్టయితే పప్పులో చిటికెడు పసుపు వేయడానికి కూడా జంకాలి. ఆర్సెనిక్ పేరు మాత్రం నాలుగక్షరాలే.

ప్రకృతిలోనివి సరళమని, సంక్లిష్టమైనవన్నీ కర్మాగారం పుట్టించినవని చెప్పే మూడో మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఇది తలకిందులుగా చెప్పిన మాట. మనం భయపడే మాత్రల్లో చాలావాటి అణువులు నిజానికి చిన్నవి: పారసిటమాల్ అణువులో ఉన్నవి 20 పరమాణువులు, ఆస్పిరిన్‌లో 21. ఇప్పుడు పెరట్లోని వేపచెట్టు దగ్గరికి వెళ్దాం. వేపగింజలో ఉండే అజాడిరాక్టిన్ అణువులో 35 కార్బన్లు, 44 హైడ్రోజన్లు, 16 ఆక్సిజన్లు, మొత్తం 95 పరమాణువులు ఉన్నాయి. ఎడారి మిడతలు వేపరసం తగిలిన ఆకును ముట్టవన్న గమనిక ఆధారంగా 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గన్ దీనిని వేరుచేశారు. నిర్మాణం పూర్తిగా తేలేసరికి 1980ల నడిమి కాలం దాటింది. ఆ అణువులో ఎడమ చేయి, కుడి చేయి లాగా రెండు రకాలుగా అమరడానికి వీలున్న కేంద్రాలు 16 ఉన్నాయి. లెక్క ప్రకారం అవే పరమాణువులు, అవే బంధాలు ఉన్నా 65,536 వేర్వేరు ఆకృతులు సాధ్యం. వేపచెట్టు వాటిలో ఒక్కదాన్నే, ఎప్పుడూ అదే ఒక్కదాన్నే తయారు చేస్తుంది. కేంబ్రిడ్జిలో రసాయన శాస్త్రజ్ఞుడు స్టీవెన్ లే బృందం ఆ ఒక్కదాన్ని ప్రయోగశాలలో కూర్చడానికి 22 ఏళ్లు శ్రమించి, 71 మెట్లు దాటి, 2007లో గమ్యం చేరింది. వేపచెట్టు ఏటేటా వేసవిలో కాయలు రాల్చుతూ చేసే పని అది.

అంత మెలికపడిన అణువును చెట్టు ఎలా కడుతుందన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం. ఇందుకు అది వాడే మూల ఇటుక ఒకటే: ఐసోప్రీన్ అనే ఐదు కార్బన్ల ముక్క. రెండు ముక్కలు కలిపితే పది కార్బన్లు. నిమ్మతొక్కను గిల్లినప్పుడు చివ్వున చిమ్మే లిమోనీన్, హారతి కర్పూరం, మెంథాల్ అన్నీ ఈ కొలతలోనివే. మూడు కలిపితే పదిహేను. అల్లం ఘాటైన వాసనలోని జింజిబెరీన్ ఆ కోవది. ఎనిమిది కలిపితే నలభై. క్యారెట్ రంగునిచ్చే కెరోటిన్ వస్తుంది. వేలకు వేలు వరుసగా కలిపితే రబ్బరు. ఆరు ముక్కలు కలిపిన ముప్పై కార్బన్ల గొలుసును వేపచెట్టు ముందుగా వలయాలుగా మడుస్తుంది. నాలుగు కార్బన్లను కత్తిరించి 26 చేస్తుంది. ఆ మీద అక్కడక్కడా ఆక్సిజన్లు తగిలించి, మరో తొమ్మిది కార్బన్ల మేరకు ఎస్టర్ గుంపులు అతికించి 35 పూర్తిచేస్తుంది. ఒకే ఇటుకతో పూరిపాకనూ, గాలిగోపురాన్నీ కట్టగలిగిన మేస్త్రీ పనితనం ఇది. ఐసోప్రీన్ ఇటుక కాక అమైనో ఆమ్లాల నుంచి కట్టే ఆల్కలాయిడ్లు, పదిహేను కార్బన్ల చట్రం మీద పూలకు రంగులద్దే ఫ్లేవనాయిడ్లు ఇలా ఎన్నో కుటుంబాలున్నాయి. ఇంతవరకు ప్రపంచవ్యాప్తంగా నమోదైన సహజ సమ్మేళనాలు మూడు లక్షలకు పైమాటే. ఈ పరిశోధనలో మన ప్రాంతానికి చోటు ఉందని చెప్పుకోవడం నాకు ఇష్టం: 1933లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, 1949లో ఢిల్లీకి వెళ్లేదాకా అక్కడే పనిచేసిన ఆచార్య టి.ఆర్. శేషాద్రి, విద్యార్థులతో కలిసి పత్తిపూల పసుపు రంగులో ఏ ఫ్లేవనాయిడ్లు ఉన్నాయో ఒక్కొక్కటిగా విడదీసి చూపారు. పొలంలో రోజూ కనిపించే పత్తిపువ్వు “సరళం” అనుకుని ఊరుకుంటే ఆ పని జరిగేదే కాదు.

కర్మాగారపు అణువు వేరు, కాయలోని అణువు వేరు అన్న నాలుగో మాటకు వస్తాను. ఉసిరిలోని విటమిన్ సి ఆస్కార్బిక్ ఆమ్లం: ఆరు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. మాత్రలో ఉన్నదీ అదే అణువు, అదే ఎడమ కుడి అమరికతో. పైగా 1933లో రైక్‌స్టైన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన పద్ధతిలో ఆ మాత్ర కూడా గ్లూకోజుతోనే మొదలై, మధ్యలో ఒక మెట్టు బాక్టీరియా చేత చేయించుకుంటుంది. ఉసిరికాయలో విటమిన్‌తో పాటు పీచు, టానిన్లు ఉంటాయి, మాత్రలో ఉండవు. ఆ తేడా నిజమే. అది కాయకూ మాత్రకూ ఉన్న తేడా, అణువుకూ అణువుకూ కాదు. వెనిల్లా కాయలోని వెనిలిన్‌ను పెట్రోలియం నుంచి చేసిన వెనిలిన్‌తో పోల్చి తేడా పట్టాలంటే ప్రయోగశాలలు కార్బన్ ఐసోటోపులను, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువులను, లెక్కపెట్టవలసి వస్తుంది. కోట్ల ఏళ్లు నేలలో పడి ఉన్న పెట్రోలియంలో కార్బన్-14 మిగలదు కనుక ఆ ఆనవాలు దొరుకుతుంది. నాలుకకు మాత్రం ఏ ఆనవాలూ దొరకదు.

మామిడికాయను చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. పూర్వం కాయల్ని వరిగడ్డిలో పేర్చి, తలుపు మూసిన గదిలో మాగబెట్టేవారు. కాయే మిథియొనీన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఎథిలీన్ వాయువును తయారు చేసుకుంటుంది. గడ్డి ఆ వాయువును బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచడంతో కాయలన్నీ ఒకేసారి పండుతాయి. ఈనాడు శీతల గదుల్లో సిలిండరు నుంచి వదిలేదీ అదే ఎథిలీన్: రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు. పది లక్షల పాళ్లలో 100 పాళ్ల వరకు దానిని వాడుకోవడానికి మన ఆహార భద్రతా నిబంధనలు అనుమతిస్తున్నాయి. కార్బైడ్ తడి తగిలి వదిలేది ఎసిటిలీన్. అందులో రెండు కార్బన్లకు రెండే హైడ్రోజన్లు; పైగా కార్బైడ్‌లో జాడగా ఉండే ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ప్రమాదకరమైన వాయువులుగా వెలువడతాయి. సిలిండరు, కార్బైడ్ రెండూ కర్మాగారం నుంచి వచ్చినవే. ఒకదాన్ని అనుమతించి రెండోదాన్ని నిషేధించింది పుట్టిన చోటు చూసి కాదు, అణువును చూసి, మలినాన్ని చూసి.

శరీరం తేడా పట్టే సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. అవి నిర్మాణంలోని తేడాలు. పుదీనా వాసన ఎక్కువగా కార్వోన్ అనే పదార్థానిది. షాజీరాగా వాడే కారమ్ కార్వీ గింజల వాసనా కార్వోన్‌దే. రెంటిలోనూ అవే పరమాణువులు, అవే బంధాలు. ఒకటి మరొకదానికి అద్దంలో ప్రతిబింబం, అంతే. బిర్యానీ గిన్నె మూత తీయగానే ముక్కు ఆ రెండు వాసనలనూ వేర్వేరుగా పసిగడుతుంది. విటమిన్ ఇ విషయంలో ఆ సందేశానికి కొంత న్యాయం చేయక తప్పదు: మొక్కలు ఆల్ఫా టోకోఫెరాల్ ఒక్క ఆకృతినే చేస్తాయి, పూర్తిగా కృత్రిమంగా చేసినప్పుడు ఎనిమిది ఆకృతుల మిశ్రమం వస్తుంది, మన కాలేయం అందులో కొన్నింటినే నిలుపుకుంటుంది. కాబట్టి బరువుకు బరువు సహజమైనదే మెరుగు. దీనికి కారణం ఆకృతి; చెట్టు పుణ్యం, యంత్రం పాపం అని ఏమీ లేదు. ఫోలిక్ ఆమ్లంలో వ్యవహారం ఎదురు తిరుగుతుంది. ఆకుకూరల్లో ఉండే ఫోలేట్లు గ్లూటమేట్ తోకలతో, వండితే సులువుగా చెడిపోయే రూపంలో ఉంటాయి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945 నాటికి తయారు చేసి చూపిన ఫోలిక్ ఆమ్లం వాటికంటే స్థిరమైనది, ఒంటికి ఎక్కువగా పట్టేది. గర్భిణులకు ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలో ఉన్నది అదే. శిశువు వెన్నుపాములో లోపాలు రాకుండా కాపాడే ఆ మాత్రను “కృత్రిమం” అని పారేయించే సందేశం మీద నాకు కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. అదే ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట ఆక్సిజన్ గుంపు తీసి నైట్రోజన్ గుంపు పెట్టి అమినోప్టెరిన్ చేసింది. విటమిన్ కాస్తా విటమిన్‌కు శత్రువైంది. దానితోనే 1947, 1948లో బోస్టన్‌లో ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో మొదటిసారి తాత్కాలిక ఉపశమనం చూడగలిగాడు. అణువులో ఏ మూల ఏముందన్నది అంత ముఖ్యం.

చెట్టు నుంచి వచ్చింది హాని చేయదన్న ఐదో మాట మన రైతులకు నవ్వు తెప్పించాలి. తొలకరిలో మొలిచి, వానలు ముఖం చాటేస్తే గిడసబారిన లేత జొన్నను పశువు నోట పెట్టనివ్వరు. జొన్న మొక్క ధురిన్ అనే పదార్థాన్ని ఒక అరలో, దానిని విడగొట్టే ఎంజైమును మరో అరలో దాచుకుంటుంది. పశువు నమిలినప్పుడు అరలు పగిలి రెండూ కలుస్తాయి. హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. కడుపు నిండా మేసిన గేదె కాసేపట్లో కూలిపోతుంది. పైరు ఎదిగి ముదిరేకొద్దీ ఆ పదార్థం తగ్గుతుంది కాబట్టి చొప్ప మేతకు పనికివస్తుంది. కర్రపెండలంలోనూ ఇటువంటి ఏర్పాటే ఉంది. సగ్గుబియ్యం చేసేటప్పుడు దుంపను తురిమి, కడిగి, పిండిని తేర్చడం వల్లనే ఆ విషం పోతుంది. ముష్టిగింజలో స్ట్రిక్నిన్, గురువిందగింజలో ఎబ్రిన్, ఆముదపు గింజలో రిసిన్ ఉన్నాయి. రిసిన్ ప్రోటీన్ కనుక నూనెలో కరగదు, చెక్కలోనే ఉండిపోతుంది. అందుకే మన పెద్దలు తాగిన ఆముదం వేరు, గింజ వేరు. మొక్క కాలు కదపలేదు, అరవలేదు. తినడానికి వచ్చే పురుగును, పశువును, బూజును ఎదిరించడానికి దానికి ఉన్న ఆయుధం రసాయనమే. మన కోసం చేసినవి కావు అవి. కొన్ని మనకు పనికి రావడం మన అదృష్టం.

వెంటనే బయటపడే విషాలకంటే నెమ్మదిగా పనిచేసేవి నన్ను ఎక్కువ కలవరపెడతాయి. పాముకాటుకు పల్లెల్లో వాడే ఈశ్వరి వేరులో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికల మాత్రల్లో ఈ జాతికే చెందిన చైనా మొక్క పొరపాటున కలవడంతో వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారిలో కొందరికి తరువాతి ఏళ్లలో మూత్రనాళ క్యాన్సర్లు వచ్చాయి. ఆ ఆమ్లం మన డీఎన్ఏకు అతుక్కుంటుంది కనుక అప్పటికప్పుడు ఏమీ తెలియదు. తడి ఆరని వేరుశనగ మీద పెరిగే బూజు చేసే అఫ్లాటాక్సిన్ కూడా పూర్తిగా సహజమే, కాలేయ క్యాన్సర్ కారకమే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏళ్లుగా దాని మీద పనిచేస్తున్నది అందుకే.

మిగిలింది ఆకు నమలడం. బిళ్ళగన్నేరు ఆకులు రోజూ పొద్దున్నే నమిలితే షుగరు దిగుతుందని, ఆ మొక్క నుంచే క్యాన్సర్ మందు తీస్తారు కాబట్టి అది రెండిందాలా మేలని ఈ సందేశంలోనే ఉంది. అదే మొక్క కథ పూర్తిగా చెబుతాను. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే పరిశోధకులు దీనిని పరీక్షించింది ఆ షుగరు నమ్మకాన్ని తేల్చుకోవడానికే. ఆకు సారంతో ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదిమందుగా ఎక్కించినప్పుడు తెల్ల రక్తకణాలు పడిపోయి, ఎలుకలు అంటురోగాలతో చనిపోయాయి. రక్తకణాలు పుట్టే ఎముక మజ్జను అణచే ఆ గుణమే రక్త క్యాన్సర్‌కు మందుగా మారింది. ఆ మొక్కలో ఇప్పటిదాకా వందకు పైగా ఆల్కలాయిడ్లను గుర్తించారు. వాటిలో విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అణువులు దాదాపు కవలలు: ఒకచోట మొదటిదానికి మిథైల్ గుంపు, రెండోదానికి ఫార్మైల్ గుంపు ఉంటాయి. ఆ చిన్న తేడాతోనే మొదటిది ఎముక మజ్జను ఎక్కువ దెబ్బతీస్తే, రెండోది నరాలను ఎక్కువ దెబ్బతీస్తుంది. వాడే జబ్బులూ, మోతాదులూ వేరైపోయాయి. అవి ఆకులో ఉండేది ఎంత తక్కువంటే, గ్రాముల్లో మందు రావాలంటే వందల కిలోల ఎండాకు కావాలి. విన్‌క్రిస్టిన్‌ను రోగి శరీర వైశాల్యాన్ని బట్టి మిల్లీగ్రాములలో లెక్కగట్టి, సిర అనే రక్తనాళంలోకి మాత్రమే ఎక్కిస్తారు. నమిలిన ఆకులో ఏది ఎంత ఉందో నమిలినవారికీ తెలియదు, పంపినవారికీ తెలియదు. నేల మారితే, ఋతువు మారితే, ఆకు వయసు మారితే ఆ పాళ్లు మారిపోతాయి.

మీ ఇంట్లో షుగరు ఉన్న పెద్దలెవరైనా ఈ ఆకులు నములుతూ మాత్రలు మానేసి ఉంటే, ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్ని ఆకులన్నది అడిగి ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించండి. చక్కెర పరీక్షతో పాటు తెల్ల రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు కూడా చేయించమని అడగండి.